సముద్రం పక్కనే ఉన్నా గాలి ఎందుకు పాడవుతుంది? తీర నగరాల గాలి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలవగానే తీర నగరాల్లో ఉండేవాళ్ల నుంచి ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. వాన వెలిసిన మర్నాడు, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు, మే నెల ఎండల్లో అవే సందేహాలు ఇంకో రూపంలో మళ్లీ వస్తాయి. ప్రతిసారీ ముక్కలుగా చెప్పేకంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించింది. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా పర్వాలేదు, ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదట వచ్చే సందేహాలు

సముద్రం ఇంత దగ్గర ఉంది కదా, మాకు కాలుష్యం ఏమిటి?

సముద్రం గాలిని కడగదు, కదిలిస్తుంది. పగలు గాలి కడలి మీది నుంచి నేల మీదికి వస్తుంది, రాత్రి నేల మీది నుంచి కడలి మీదికి పోతుంది. ఈ రాకపోకల్లో పొగ, దుమ్ము ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతాయి, పల్చబడతాయి. అంతే కానీ మాయమైపోవు. గాలి ధాటిగా వీచిన రోజు ఊరికి ఊపిరాడుతుంది. గాలి పడిపోయిన రోజు సముద్రం వంద అడుగుల దూరంలో ఉన్నా ఉపయోగం లేదు. ముంబై, లాస్ ఏంజెలిస్, హాంకాంగ్ మూడూ సముద్రపు ఒడ్డునే ఉన్నాయి, మూడింటికీ గాలి బాధ దశాబ్దాల నాటిది.

ఒక మేలు మాత్రం నిజంగా ఉంది. లోతట్టు ఊరికి నాలుగు వైపుల నుంచీ పొగ రావచ్చు. తీరంలోని ఊరికి ఒక వైపంతా నీళ్లే, ఓడలు తప్ప అటు నుంచి కొత్తగా వచ్చే పొగ తక్కువ.

వాహనాలు, ఫ్యాక్టరీలు వదిలే పొగే కదా కారణం? మధ్యలో వాతావరణం, ఋతువులు ఎందుకు?

పొగ పుట్టేది వాటి నుంచే, అందులో సందేహం లేదు. పుట్టిన పొగ ఎంత చోటులో కలుస్తుందన్నది వాతావరణం తేలుస్తుంది. ఒక దోమల కాయిల్‌ని పెద్ద హాల్లో వెలిగించి చూడండి, అదే కాయిల్‌ని తలుపు మూసిన చిన్న గదిలో వెలిగించి చూడండి. కాయిల్ ఒకటే, రెండో గదిలో దగ్గు వస్తుంది.

నేల నుంచి ఎంత ఎత్తు వరకు గాలి కలగలుస్తుందో ఆ ఎత్తును ఊరికి పైకప్పు అనుకోవచ్చు. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం ఆ కప్పు కిలోమీటరు, ఒక్కోసారి రెండు కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. చలికాలంలో గాలి కదలని రాత్రి 100–200 మీటర్లకు దిగిపోతుంది. బండ్లు అవే, పొగ అంతే, అది పట్టే చోటు మాత్రం పదో వంతు.

ఈ మాట చెప్పినప్పుడల్లా నాకొక భయం ఉంటుంది. "అయితే తప్పంతా వాతావరణానిదే" అని చేతులు దులిపేసుకుంటారేమోనని. వాతావరణాన్ని మనం మార్చలేం. కానీ కప్పు కిందికి దిగే కాలం ఎప్పుడొస్తుందో ముందే తెలుసు కాబట్టి, ఆ కాలంలో పొగ తగ్గించడం మన చేతిలో ఉన్న పనే.

పీఎం 2.5, పీఎం 10... తీరంలో ఉండేవాళ్లు ఏది చూడాలి?

ముందు పీఎం 2.5 చూడండి. మనిషి వెంట్రుక మందం సుమారు 50–70 మైక్రాన్లు ఉంటుంది. పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకంటే సన్నవి అయిన రేణువులన్నీ. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లలోపువి. రోడ్డు దుమ్ము, ఇసుక, సిమెంటు ధూళి, సముద్రపు ఉప్పు ఎక్కువగా పెద్ద రేణువులుగానే ఉంటాయి. డీజిల్, బొగ్గు, చెత్త కాలిన పొగలో సన్న రేణువులు ఎక్కువ, ఊపిరితిత్తుల లోపలికంటా వెళ్లేవి అవే. అలలు బాగా లేచిన రోజు ఉప్పు తుప్పర వల్ల పీఎం 10 పెరగొచ్చు, దానికి కంగారు అక్కర్లేదు. పీఎం 2.5 పెరిగిందంటే ఎక్కువసార్లు ఎక్కడో ఏదో మండుతోందనే అనుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, రోజు సగటు 15 దాటకూడదు. భారతదేశంలో 2009 నుంచి ఉన్న ప్రమాణాలు ఏడాదికి 40, రోజుకు 60.

## రోజులో ఏ గంటకు ఏమవుతుంది

పొద్దున గాలి బరువుగా ఉంటుంది, మధ్యాహ్నానికి తేలికవుతుంది. ఎందుకని?

రాత్రంతా నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి కిందే పడి ఉంటుంది. తెల్లవారేసరికి ఆ పల్చని పొరలోకి బస్సులు, లారీలు, స్కూల్ ఆటోలు అన్నీ ఒకేసారి పొగ వదులుతాయి. అందుకే ఉదయం 7 నుంచి 10 మధ్య చాలా ఊళ్లలో రీడింగ్ బాగా ఎక్కువగా ఉంటుంది. ఎండెక్కాక నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగ పైదాకా కలిసిపోయి పల్చబడుతుంది. తీరంలో దీనికి సముద్రపు గాలి కూడా తోడవుతుంది.

సముద్రపు గాలి ఎప్పుడు మొదలవుతుంది? ఎంత దూరం వెళ్తుంది?

మామూలుగా ఉదయం 10–11 గంటల మధ్య తీరంలో మొదలై, మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య బాగా ఊపందుకుని, పొద్దుగూకాక తగ్గిపోతుంది. నీళ్లు వేడెక్కడానికి నేల కంటే చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకే పది గంటల ఎండకు నేల కాలిపోతుంటే కడలి ఇంకా చల్లగానే ఉంటుంది. నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది.

అది రావడాన్ని కళ్లారా చూడొచ్చు. పదిన్నరకు డాబా మీదికెళ్లి ఏదైనా జెండా వైపో, ఆరేసిన బట్టల వైపో చూస్తూ ఉండండి. మొదట నేల వైపు నుంచి వీచే గాలికి సముద్రం దిక్కుగా ఎగురుతుంటాయి. తర్వాత కాసేపు గాలి పూర్తిగా ఆగిపోతుంది, జెండా కర్రకు అతుక్కుని వేలాడుతుంది, ఉక్కపోస్తుంది. ఆ ఆగిన కొద్దిసేపట్లో పొగ ఎటూ పోదు. ఉన్నట్టుండి జెండా రెండో వైపుకు తిరుగుతుంది, మెడ మీది చెమటకు చల్లగా తగులుతుంది, ఉప్పు వాసన వస్తుంది. అంతే, సముద్రపు గాలి వచ్చేసినట్టే.

లోపలికి 20–50 కిలోమీటర్లు వెళ్లడం మామూలే, ఉష్ణమండలంలో ఒక్కోరోజు వంద దాటుతుంది. నేల నుంచి వచ్చే ఎదురుగాలి బలంగా ఉంటే మాత్రం అది ఆలస్యమవుతుంది, లేదా రానే రాదు. మే, జూన్ నెలల్లో చెన్నైలో పడమటి గాలి గట్టిగా వీచే రోజులు ఇలాంటివే. సముద్రపు గాలి రాక ఆలస్యమైన కొద్దీ అక్కడ ఎండ మండిపోతుంది.

రాత్రి గాలి పొగనంతా సముద్రం మీదికి తోసేస్తుంది కదా, ఇంక సమస్యేముంది?

తోసేసింది పొద్దున తిరిగి వస్తుంది, సమస్య అదే. రాత్రి వీచే నేల గాలి పగటి గాలంత బలంగా ఉండదు. అది పొగను తీరానికి కొన్ని కిలోమీటర్ల అవతలికి చేర్చి అక్కడ వదిలేస్తుంది. పొద్దెక్కాక కూడా నీటి మీద గాలి నేల మీదంత పైకి లేవదు కాబట్టి ఆ పొగ పొర అంతగా పల్చబడకుండా నిలుస్తుంది. పదకొండు గంటలకు సముద్రపు గాలి మొదలైనప్పుడు మొదట ఒడ్డుకు చేరేది నిన్నటి పొగే. బీచ్‌లో నిలబడి "ఆహా, స్వచ్ఛమైన గాలి" అనుకుంటూ పీల్చేది ఒక్కోసారి అదే.

పైన ఇంకో దారి కూడా ఉంది. పగలు లోపలికెళ్లిన గాలి పైకి లేచి, కొన్ని వందల మీటర్ల ఎత్తులో వెనక్కి సముద్రం వైపు మళ్లుతుంది. అక్కడ దిగి మళ్లీ నేల వైపు వస్తుంది. స్పెయిన్ మధ్యధరా తీరంలో వేసవిలో ఇలా కాలుష్యం రోజుల తరబడి అక్కడక్కడే తిరుగుతుండటాన్ని శాస్త్రవేత్తలు వివరంగా గమనించారు. బయటి నుంచి పెద్ద గాలి వచ్చి ఈ చక్రాన్ని తెంచేదాకా ప్రతిరోజూ పాత పొగకు కొత్త పొగ తోడవుతూనే ఉంటుంది.

మా ఇల్లు తీరానికి ఏడెనిమిది కిలోమీటర్లు లోపల. చిమ్నీలేమో ఒడ్డున ఉన్నాయి. అయినా పొగ మాకే ఎందుకు తగులుతోంది?

పొడవాటి చిమ్నీ పొగను ఎత్తులో వదులుతుంది. సముద్రం నుంచి వచ్చే గాలి చల్లగా, పొరలు పొరలుగా ఉంటుంది, కాబట్టి ఆ పొగ కింద పడకుండా గీత గీసినట్టు లోపలికి సాగిపోతుంది. చిమ్నీ కిందే ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. గాలి కాలిన నేల మీద సాగుతున్న కొద్దీ కింది నుంచి వేడెక్కి కలగలుపు మొదలవుతుంది, ఆ కలగలుపు పొర లోపలికి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. అది పొగ గీతను అందుకున్న చోట పొగంతా ఒక్కసారిగా నేలకు దిగుతుంది. అది తీరానికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో కావచ్చు, పది కిలోమీటర్లలో కావచ్చు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాలే ఇందుకు అనువైన సమయం. మీ అనుమానం నిజమో కాదో చూసుకోవాలంటే వాసన వచ్చిన టైమ్, గాలి దిక్కు ఓ నెల రోజులు రాసుకోండి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు అలాంటి కాగితం ఒక్కటి చేతిలో ఉంటే మాటకు బరువొస్తుంది.

వాకింగ్‌కి ఏ టైమ్ మంచిది?

చలికాలంలో తెల్లవారుజాము వద్దు, సాయంత్రం 4–5 మధ్య మేలు. ఎండాకాలంలో ఉదయమే మంచిది, ఎందుకంటే మధ్యాహ్నం నుంచి నేల దగ్గరి గాలిలో ఓజోన్ అనే హాని చేసే వాయువు పెరుగుతుంది. వానాకాలంలో ఎప్పుడైనా సరే.

## కొండలు, నీళ్లు, భవనాలు

మా ఊరి చుట్టూ కొండలున్నాయి. అవి మేలు చేస్తాయా, కీడు చేస్తాయా?

గాలి విషయంలో ఎక్కువగా కీడే. ఒక వైపు సముద్రం, మిగతా వైపులా కొండలు ఉంటే ఊరు పళ్లెంలో ఉన్నట్టు. సముద్రపు గాలి పొగను తోసుకొచ్చి కొండ పాదం దగ్గర కుప్ప పోస్తుంది. అది కొండెక్కి దాటిపోవాలంటే గాలికి బలం ఉండాలి, పైకప్పు ఎత్తుగా ఉండాలి. రెండూ లేని రోజు పొగ పళ్లెంలోనే ఉండిపోతుంది. రాత్రి కొండవాలు చల్లబడి దాని మీది చల్లగాలి పల్లానికి జారుతుంది, దాంతో కింద ఉన్న పొగ పొర ఇంకా బిగుసుకుంటుంది.

విశాఖపట్నం ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తరాన కైలాస కొండల వరుస, దక్షిణాన యారాడ కొండలు, తూర్పున బంగాళాఖాతం. పోర్టు, రిఫైనరీ రెండూ ఆ మధ్య పల్లంలోనే ఉన్నాయి. చలికాలపు ఉదయం ఏ గుట్ట మీద నుంచైనా కిందికి చూస్తే పళ్లెం అంచు వరకు బూడిద రంగు పొర గీత గీసినట్టు కనిపిస్తుంది. గీతకు పైన ఆకాశం నీలంగా ఉంటుంది.

లాస్ ఏంజెలిస్ కథ ఇంకా పాతది. 1542లో ఆ తీరానికి ఓడలో వచ్చిన కబ్రిలియో అనే నావికుడు అక్కడి అఖాతానికి "పొగల అఖాతం" అని పేరు పెట్టాడు. అప్పటికి అక్కడ కార్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు. స్థానికులు వెలిగించిన మంటల పొగ పైకి పోలేక పరుచుకుపోయింది. 1943 జులైలో అదే పళ్లెంలో కళ్లు మండే పొగ కమ్మేసింది. వాహనాల పొగ, ఎండ కలిసి దాన్ని తయారు చేస్తున్నాయని 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. కొండలు 1542లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. అయినా వాహనాల మీద గట్టి నిబంధనలు పెట్టాక అక్కడి గాలి 1970ల నాటికంటే ఎంతో మెరుగుపడింది. నాకు ఈ కథలో నచ్చేది ఆ చివరి ముక్కే.

ఉష్ణోగ్రత విలోమం అంటుంటారు, అదేమిటి?

మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది, కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీలు. కొన్నిసార్లు ఇది తలకిందులవుతుంది: కింద చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి. చల్లగాలి బరువు కాబట్టి పైకి లేవదు, కాబట్టి అందులోని పొగా లేవదు. కుండ మీద మూత పెట్టినట్టే. చలికాలపు రాత్రుల్లో ఏర్పడే మూత ఎండెక్కాక విడిపోతుంది.

ఇంకో రకం అంత తేలిగ్గా విడిపోదు. పక్కన చల్లని సముద్ర ప్రవాహం ఉండి, పై నుంచి వెచ్చని గాలి దిగుతుండే తీరాల్లో మూత వారాల తరబడి ఉంటుంది. పెరూ రాజధాని లిమాకు పక్కన హంబోల్ట్ ప్రవాహం, లాస్ ఏంజెలిస్‌కు పక్కన కాలిఫోర్నియా ప్రవాహం అలాంటివే. బంగాళాఖాతం నీళ్లు వెచ్చనివి కాబట్టి మన తూర్పు తీరంలో ఈ రెండో రకం బెడద అంత లేదు.

బీచ్ రోడ్డంతా ఎత్తైన అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. లోపలివాళ్లకు గాలి తగ్గుతుందా?

తగ్గుతుంది. వరుసగా, సందు లేకుండా కట్టిన భవనాలు సముద్రపు గాలికి గోడలా అడ్డం నిలుస్తాయి. వాటి వెనక వీధుల్లో గాలి మందగిస్తుంది, వాహనాల పొగ అక్కడే సుడులు తిరుగుతుంది. హాంకాంగ్‌లో దీన్ని గోడ ప్రభావం అనే పిలుస్తారు. పెద్ద ప్రాజెక్టులు కట్టేముందు గాలి ఎలా పారుతుందో అంచనా వేసే పద్ధతిని అక్కడి ప్రభుత్వం 2006లో తెచ్చింది. సముద్రానికి ఎదురుగా ఉన్న రోడ్లను తెరిపిగా వదిలితే ఊరికి అవే ముక్కురంధ్రాలు. ఒకసారి మూసేశాక తెరవడం ఎవరి వల్లా కాదు, అందుకే ఈ విషయంలో నాకు టెన్షన్ ఎక్కువ.

పోర్టు దగ్గర ఉంటున్నాం. బాల్కనీలో నల్లటి దుమ్ము పడుతోంది. అది దేని నుంచి?

ఒక తెల్లటి తడి గుడ్డతో రెయిలింగ్ తుడిచి, అంటుకున్నదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. తెల్లగా గరగరలాడి నీళ్లలో కరిగిపోతే ఉప్పు. నల్లగా, మెత్తగా, కాటుకలా సాగి వేలి గీతల్లో ఇరుక్కుంటే మసి, అంటే వాహనాలు, ఓడలు, జనరేటర్ల పొగ. నల్లగానే ఉన్నా గరుకుగా, ఎండకు తళుక్కుమంటే బొగ్గు పొడి కావచ్చు. ఎర్రగా ఉంటే మట్టి గానీ ఇనుప ఖనిజం గానీ. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కానీ ఎవరిని అడగాలో తేలడానికి పనికొస్తుంది.

ఓడల పొగ విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2020 జనవరి 1 నుంచి అంతర్జాతీయంగా ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలని నిబంధన ఉంది. రేవులో ఆగిన ఓడ ఇంజను ఆపేసి ఒడ్డు నుంచి కరెంటు తీసుకుంటే పొగ ఇంకా తగ్గుతుంది. బొగ్గు, ఖనిజం గుట్టల మీద నీళ్లు చల్లడం, కప్పి ఉంచడం పెద్ద విద్యలేం కావు, గాలి ఎక్కువగా ఉన్న రోజు మానకుండా చేయాలి.

## ఋతువుల వారీగా

చలికాలంలోనే ఎందుకు ఇంత పాడవుతుంది?

నాలుగు కారణాలు ఒకేసారి కలుస్తాయి. రాత్రుళ్లు పొడవు కాబట్టి నేల ఎక్కువ చల్లబడి పొగ మీద మూత గట్టిగా పడుతుంది. పగటి ఎండ తక్కువ కాబట్టి నేలకూ నీటికీ వేడి తేడా తగ్గి సముద్రపు గాలి ఆలస్యంగా, నీరసంగా వస్తుంది. వానలు తగ్గిపోతాయి. నాలుగోది, ఋతువు గాలి దిక్కు మారుతుంది. నైరుతి కాలంలో సముద్రం మీది నుంచి వచ్చిన గాలి ఇప్పుడు ఖండం మీది నుంచి వస్తుంది, దారిలో ఉన్న ఊళ్ల పొగ మోసుకొస్తుంది.

ముంబైలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జులైలో అరేబియా సముద్రం నుంచి హోరుగాలి, వాన. డిసెంబరు, జనవరుల్లో నేల వైపు నుంచి మెల్లని గాలి. 2022–23 చలికాలంలో అక్కడ గాలి రోజుల తరబడి బాగా పాడైంది. ఆ ఏడాది వరుసగా మూడో లానినా (పసిఫిక్ నీళ్లు మామూలు కంటే చల్లబడే దశ) నడుస్తోంది, దాని వల్ల గాలుల తీరు మారి తీరంలో గాలి మందగించిందని కొందరు శాస్త్రవేత్తలు విశ్లేషించారు. ఎక్కడో పసిఫిక్ నీళ్లు చల్లబడితే ఇక్కడ పిల్లలకు దగ్గు రావడం వింతే, కానీ గాలికి సరిహద్దులు లేవు.

హాంకాంగ్‌లోనూ ఇదే వరస: వేసవిలో సముద్రపు గాలి, చలికాలంలో చైనా భూభాగం మీది నుంచి వచ్చే గాలి.

చలికాలంలో సముద్రం వైపు నుంచి గాలి వచ్చినా మసకగానే ఉంటుంది. సముద్రం మీద పొగెక్కడిది?

నేల మీది పొగే అక్కడికి చేరుతుంది. 1999 తొలి నెలల్లో ఇండోఎక్స్ అనే పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో ఓడలు, విమానాలు, ఉపగ్రహాలతో హిందూ మహాసముద్రం మీది గాలిని కొలిచారు. దక్షిణాసియా నుంచి వెళ్లిన గోధుమ రంగు పొగ పొర వేల కిలోమీటర్లు పరుచుకుని ఉందని తేలింది. గంగా మైదానం నుంచి వచ్చే గాలి చలికాలంలో బంగాళాఖాతం మీదికి దిగుతుంది. అలాంటి రోజుల్లో తూర్పు తీరానికి సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కూడా ఒకసారి వాడిన గాలే.

ఎండాకాలంలో యాప్ బాగానే చూపిస్తోంది, మరి కళ్లెందుకు మండుతున్నాయి?

ఓజోన్ అయి ఉండొచ్చు. ఇది చిమ్నీ నుంచి నేరుగా రాదు. వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింట్లలాంటి వాటి ఆవిర్లు ఎండలో కలిసి గాలిలోనే దీన్ని తయారు చేస్తాయి. కంటికి కనిపించదు, ఆకాశం నీలంగా ఉన్న రోజే ఎక్కువగా ఉంటుంది. ట్రాఫిక్ మధ్యలో తాజా పొగ ఓజోన్‌ను కొంత తినేస్తుంది కాబట్టి, గాలి వాలులో ఉన్న శివార్లలో, పల్లెల్లో ఊరి నడుమ కంటే ఎక్కువ ఉండటం మామూలే. నీటి మీద ఓజోన్ నిదానంగా తగ్గుతుంది, అందుకే సముద్రం మీదికి వెళ్లింది మధ్యాహ్నం గాలితో తిరిగి రాగలదు. యాప్‌లో మొత్తం అంకె ఒక్కటే చూడకుండా ఓజోన్ విడిగా ఎంత ఉందో చూడండి. 8 గంటల సగటు 100 మైక్రోగ్రాములు దాటితే మధ్యాహ్నం బయట పరుగులు, ఆటలు తగ్గించుకోవడం మంచిది.

వాన పడితే గాలి కడిగినట్టు అవుతుందంటారు. నిజమేనా?

సగం నిజం. చినుకులు పెద్ద రేణువులను బాగానే దించుతాయి. మైక్రాన్ కంటే సన్నవి మాత్రం చినుకు పక్క నుంచి గాలితో పాటే జారుకుంటాయి, వాటిని పట్టేది ఎక్కువగా మబ్బులే. పదినిమిషాల జల్లుకు దుమ్ము అణుగుతుంది, పొగ ఉంటుంది. వానాకాలం గాలి బాగుండటానికి వానతో పాటు, రోజుల తరబడి సముద్రం నుంచి వీచే గట్టి గాలి కూడా కారణం. జూన్‌లో వాన లేని రోజున కూడా రీడింగ్ తక్కువగా ఉండేది అందుకే.

తుఫాను ఇంకా రాలేదు, గాలి మాత్రం ముందే పాడైంది. ఎందుకు?

తుఫాను నడుమ గాలి పైకి లేస్తుంది, దానికి దూరంగా అంచుల్లో కిందికి దిగుతుంది. మీ ఊరు ఆ అంచు కింద ఉంటే పై నుంచి అదిమినట్టు అయ్యి గాలి ఆగిపోతుంది, ఉక్క పెరుగుతుంది, పొగ పేరుకుంటుంది. పైగా తుఫాను దూరంగా సముద్రంలో ఉన్నప్పుడు గాలి నేల వైపు నుంచి అటు లాగుతుంది. తైవాన్ దగ్గర టైఫూన్ ఉన్నప్పుడు హాంకాంగ్‌లో గాలి పాడవడం అక్కడివాళ్లకు బాగా తెలిసిన విషయం. తుఫాను దగ్గరపడితే హోరుగాలికి అంతా కొట్టుకుపోతుంది, కానీ అప్పుడు గాలి నాణ్యత గురించి కాదు, ప్రాణాల గురించి ఆలోచించాలి.

మా ఊళ్లో ఏదీ మండట్లేదు. మరి పొగ ఎక్కడి నుంచి వచ్చింది?

వందల కిలోమీటర్ల నుంచి రావచ్చు. సింగపూర్ చుట్టూ నీళ్లే. అయినా 2013 జూన్ 21న సుమత్రా దీవిలో మండుతున్న పీట్ నేలల (కుళ్లిన మొక్కలు పేరుకున్న నేలల) పొగ వచ్చి అక్కడి కాలుష్య సూచీ 401కి చేరింది. పశ్చిమాఫ్రికాలోని డాకర్ నగరం మీదికి నవంబరు నుంచి మార్చి దాకా సహారా దుమ్ము గాలి దిగుతుంది. ఊళ్లో ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలాంటివి ఆపలేం, ముందుగా తెలుసుకుని తలుపులు మూసుకోగలం.

## రీడింగుల గురించి

ఇంట్లో చిన్న సెన్సర్ పెట్టాం. పొద్దున్నే భయపెడుతోంది, తొమ్మిదయ్యేసరికి సగానికి దిగుతోంది. నమ్మొచ్చా?

తీరంలో తేమే వీటికి శత్రువు. ఈ సెన్సర్లు రేణువుల మీద వెలుగు పడి చెదిరే తీరును బట్టి లెక్క కడతాయి. తేమ 75 శాతం దాటాక ఉప్పు రేణువు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. సెన్సర్‌కు అది పెద్ద కాలుష్య రేణువులా కనిపిస్తుంది. ప్రభుత్వ స్టేషన్లలో చాలా యంత్రాలు గాలిని ముందు వేడి చేసి ఆరబెట్టి కొలుస్తాయి. కాబట్టి మీ సెన్సర్ చూపించే ఒక్కో అంకెను పట్టుకోకండి. తేమ కూడా పక్కనే రాసుకుని, నిన్నటికీ ఇవాళ్టికీ అదే గంటకు తేడా చూడండి. పొద్దుటి పొగ నిజంగానే ఎక్కువ కావచ్చు కూడా, అందుకని పూర్తిగా కొట్టిపారేయనూ వద్దు.

రెండు యాప్‌లు రెండు అంకెలు చూపిస్తున్నాయి. ఏది నిజం?

రెండూ నిజమే కావచ్చు, కొలబద్దలు వేరు. పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే భారత ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 100, అమెరికా ఏక్యూఐ 150 పైన. పైగా భారత సూచీలో పీఎం 2.5ని 24 గంటల సగటుతో లెక్కిస్తారు, కొన్ని యాప్‌లు ఈ గంట అంకె చూపిస్తాయి. గొడవ లేకుండా ఉండాలంటే సూచీ వదిలేసి మైక్రోగ్రాముల అంకె చూడండి.

స్టేషన్ బీచ్ దగ్గరుంది, మేం ఉండేది లోపల పారిశ్రామికవాడలో. ఆ రీడింగ్ మాకు పనికొస్తుందా?

అంతగా పనికిరాదు. తీర నగరంలో ఐదు కిలోమీటర్ల దూరానికే గాలి మారిపోతుంది. ఒడ్డున, ఊరి నడుమ, లోపలి వైపు, కొండ పాదం దగ్గర విడివిడిగా కొలవాలి. మీ వైపు స్టేషన్ లేకపోతే కావాలని అడగండి, అది న్యాయమైన కోరికే.

## ఇంటి వరకు ఏం చేయొచ్చు

కిటికీలు ఎప్పుడు తెరవాలి?

చలికాలంలో ఉదయం పది దాకా మూసి ఉంచి, సముద్రపు గాలి స్థిరపడ్డాక మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య బార్లా తెరవండి. రోడ్డు వైపు కిటికీ కంటే వెనక వైపుది మేలు.

మాస్క్ పనిచేస్తుందా?

ఎన్95 సరిగ్గా ముఖానికి ఆనుకుంటే సన్న రేణువుల్లో 95 శాతం దాకా ఆపుతుంది. ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి వాయువులను ఆపదు. గుడ్డ మాస్క్ దుమ్ముకు కొంత, పొగకు చాలా తక్కువ.

చెట్లు పెంచితే చాలా?

తీరం వెంట సరుగుడు తోటలు ఇసుకను, ఉప్పు తుప్పరను బాగా ఆపుతాయి. ఇరుకు వీధిలో రెండు వైపులా గుబురు చెట్లు కమ్మేస్తే మాత్రం కింది పొగ పైకి పోకుండా ఆగుతుంది. చెట్లు కావాల్సిందే, కానీ పొగ పుట్టే చోట తగ్గించకుండా చెట్ల మీద భారం వేయడం వాటికి అన్యాయం.

తీర నగరంలో కొత్తగా ఇల్లు చూసుకుంటున్నాం. గాలి విషయంలో ఏం చూడాలి?

ముందు మ్యాప్ మీద మూడు గుర్తులు పెట్టండి: ఇల్లు, సముద్రం, పెద్ద చిమ్నీలు లేదా పోర్టు. మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి ఇంటికి వచ్చే దారిలో చిమ్నీలు ఉంటే జాగ్రత్త. తర్వాత నేల ఎత్తు చూడండి, పల్లంలో చలికాలపు పొగ ఎక్కువసేపు ఉంటుంది. రోడ్డుకు వంద మీటర్లు లోపలుంటే అదే రోడ్డు మీది ఇంటికంటే గాలి బాగుంటుంది.

బ్రోకర్లు ఎక్కువగా సాయంత్రం పూట చూపిస్తారు, అప్పుడు తీరంలో ఏ ఇల్లైనా హాయిగానే ఉంటుంది. డిసెంబరు, జనవరుల్లో ఒక ఉదయం ఏడున్నరకు ఎవరికీ చెప్పకుండా వెళ్లి, మెట్ల మీద ఓ అరగంట కూర్చోండి. కిటికీ ఊచ మీద వేలు పెట్టి చూడండి. కింద వాచ్‌మన్‌ను ఈ కాలంలో ఇక్కడ దగ్గు ఎక్కువా అని అడగండి. ఏడాదంతా అక్కడే ఉండేది ఆయనే, ఆయన చెప్పేదానికి విలువ ఇవ్వండి.